బల్ల ఎంత, బీరువా ఎంత? – కొత్త ల్యాప్‌టాప్‌లో మెమరీ, స్టోరేజీ ఎంచుకోవడం



ప్లస్ టూ ఫలితాలు వచ్చి, కాలేజీలో సీటు ఖాయం కాగానే, ఫీజు తరువాత ఇంట్లో వచ్చే పెద్ద ఖర్చు ల్యాప్‌టాప్. మన ట్రస్టుకు వచ్చే ఉపకారవేతన దరఖాస్తులలో చాలావాటికి ల్యాప్‌టాప్ కొటేషను కూడా జతపరచి ఉంటుంది. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట వైపు మరమగ్గాల మీద బతికే ఇళ్ళ నుంచి, తిరువళ్ళూరులో చిన్న ఉద్యోగాలు చేసుకునే ఇళ్ళ నుంచి అవి వస్తాయి. ఆ ఇళ్ళలో ల్యాప్‌టాప్ అనేది నాలుగేళ్ళ చదువుకు ఒకేసారి కొనే వస్తువు. రెండో ఏడు అది పనికి చాలకపోతే ఇంకొకటి కొనే స్తోమత ఉండదు. అందుకే ఈ పాఠం.

కొటేషన్లు చూస్తూ ఉంటే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. ఒకే కుటుంబం రెండు కొటేషన్లు తెస్తుంది. ఒకదానిలో 8 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ. రెండవదానిలో 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. ధరలో పెద్ద తేడా ఉండదు. “ఏమండీ, ఎక్కువ నంబరు ఉండేదే కొంటే పోలేదా?” అని తండ్రి అడుగుతాడు. అంగడివాడు కూడా “ఒక టీబీ సార్!” అని దాన్నే ముందుకు తోస్తాడు. ఆ పెద్ద నంబరు దేన్ని కొలుస్తుందో తెలిస్తే చాలావరకు సమస్య తీరుతుంది.

నేను చెప్పదలచింది ఒక్క మాట. ల్యాప్‌టాప్‌లో తరువాత మార్చలేని భాగానికి ఇప్పుడే డబ్బు పెట్టండి. తరువాత చేర్చుకోగలిగిన భాగానికి కొంత ఆగండి. మిగతా పాఠమంతా ఈ మాటకు వివరణే.

మెమరీ వేరు, స్టోరేజీ వేరు

బ్యాంకుల్లో కంప్యూటర్లు రాకముందు లెడ్జర్లన్నీ బీరువాల్లో ఉండేవి. ఉదయం గుమాస్తా ఆ రోజు పనికి కావలసిన లెడ్జర్లు తీసి తన బల్ల మీద పెట్టుకునేవాడు. ఖాతాదారు రాగానే చేతికి అందేలా ఉండేవి. సాయంకాలం మళ్ళీ అన్నీ బీరువాలోకి చేరేవి. బల్ల ఖాళీ అయ్యేది.

ల్యాప్‌టాప్‌లో ర్యామ్ అనేది ఆ బల్ల. ఎస్ఎస్‌డీ లేక హార్డు డిస్కు అనేది ఆ బీరువా. మనం ఒక ప్రోగ్రాము తెరిచినప్పుడు అది బీరువాలోనుంచి బల్ల మీదికి వస్తుంది. కరెంటు పోయినా, ల్యాప్‌టాప్ ఆపినా బల్ల మీద ఉన్నది పోతుంది. బీరువాలో ఉన్నది ఉంటుంది. రాసిన పాఠాన్ని ‘సేవ్’ చేయడమంటే బల్ల మీది కాగితాన్ని బీరువాలో భద్రం చేయడమే.

బల్ల చిన్నదైతే ఏమవుతుంది? నాలుగో లెడ్జరు తేవాలంటే మొదటిది బీరువాలో పెట్టి రావాలి. మళ్ళీ మొదటిది కావాలంటే ఇంకొక నడక. గుమాస్తా ఎంత చురుకైనవాడైనా పని నడకలోనే గడిచిపోతుంది. కంప్యూటరు కూడా ఇదే చేస్తుంది. ర్యామ్ నిండిపోగానే కొంత సరుకును ఎస్ఎస్‌డీ మీదికి తోసి, అవసరమైనప్పుడు మళ్ళీ తెచ్చుకుంటుంది. ఎస్ఎస్‌డీ ఎంత వేగమైనదైనా ర్యామ్ వేగానికి సాటిరాదు. “కొత్త ల్యాప్‌టాపే కానీ ఉన్నట్టుండి కొయ్యబారిపోతుంది” అని పిల్లలు చెప్పేదానికి చాలాసార్లు కారణం ఇదే.

మన జిల్లాలోనే ఉన్న ఉదాహరణ

తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ పథకాన్ని 2011 సెప్టెంబరు 15న మన తిరువళ్ళూరు పక్కనే ఉన్న కాక్కలూరులో మొదలుపెట్టింది. అప్పటి ముఖ్యమంత్రి జయలలిత స్వయంగా వచ్చి ప్రారంభించారు. కొనుగోలు బాధ్యత ప్రభుత్వ సంస్థ ఎల్కాట్‌ది. ఆ తొలి ల్యాప్‌టాప్‌లలో 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డు డిస్కు ఉండేవి. విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చారు. మన ఊళ్ళలో చాలా ఇళ్ళు మొదటిసారి కంప్యూటరు చూసింది ఆ పథకం వల్లనే.

కొన్నేళ్ళు ఆగిపోయిన పథకాన్ని 2025-26 బడ్జెటులో కాలేజీ విద్యార్థుల కోసం మళ్ళీ ప్రకటించారు. రెండేళ్ళలో 20 లక్షల మందికి అన్నారు. 2025లో ఎల్కాట్ పిలిచిన టెండరులో కనీస ప్రమాణం 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. పంపిణీ 2026 జనవరిలో మొదలైంది.

ఈ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడండి. పద్నాలుగేళ్ళలో ర్యామ్ 2 నుంచి 8కి, అంటే నాలుగింతలు అయింది. స్టోరేజీ మాత్రం 320 నుంచి 256కు తగ్గింది! ప్రభుత్వం వెనక్కి పోయిందా? లేదు. బీరువా పరిమాణం తగ్గినా బీరువా రకం మారింది. చాలినంత స్థలమున్న వేగమైన బీరువా, పెద్దదైన నెమ్మది బీరువా కంటే మేలని తేలింది. బల్ల మాత్రం పెరగక తప్పలేదు. అంగడిలో “ఒక టీబీ” అనే మాట విన్నప్పుడు ఈ ఉదాహరణ గుర్తుంచుకోండి.

ప్రభుత్వ కాలేజీల్లో చదివే పిల్లలు ల్యాప్‌టాప్ కొనే ముందు ఈ పథకం తమకు వర్తిస్తుందా అని కాలేజీ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. వర్తిస్తే చేతిలోని డబ్బు మిగులుతుంది.

బీరువాల్లో రకాలు

కొటేషనులో స్టోరేజీ పక్కన ఏ పదం రాసి ఉందో చూడాలి. అంకె కంటే ఆ పదం ముఖ్యం.

1. హార్డు డిస్కు: లోపల పళ్ళెం గిరగిర తిరుగుతూ ఉంటుంది. సాధారణ ల్యాప్‌టాప్ హార్డు డిస్కు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. సెకనుకు సుమారు 100 ఎంబీ చదవగలదు. తిరిగే భాగాలున్నందువల్ల బస్సులో, రైలులో దెబ్బ తగిలితే పాడయ్యే అవకాశం ఎక్కువ. ల్యాప్‌టాప్‌లో ఇదొక్కటే ఉంటే కొనవద్దు.

2. సాటా ఎస్ఎస్‌డీ: తిరిగే భాగాలు లేవు. సెకనుకు సుమారు 500 ఎంబీ. పాత ల్యాప్‌టాప్‌లో హార్డు డిస్కు తీసి వేయడానికి బాగా పనికివస్తుంది.

3. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ: నేటి కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది ఇదే. సెకనుకు 2,000 ఎంబీ మొదలుకొని ఇంకా పైకి. వీటిలోనూ ఎక్కువ వేగం, తక్కువ వేగం అని ఉన్నాయి కానీ చదువుకునే పిల్లవాడికి ఆ తేడా దాదాపు తెలియదు. దానికోసం అదనంగా ఇవ్వవలసిన పని లేదు.

4. ఈఎంఎంసీ: బాగా చవక ల్యాప్‌టాప్‌లలో 64 జీబీ, 128 జీబీ అని ఉంటుంది. ఇది బోర్డుకే అతికించి ఉంటుంది; తీసి పెద్దది వేయడం కుదరదు. విండోస్ 11కు కనీసం 64 జీబీ స్టోరేజీ కావాలని మైక్రోసాఫ్టు వారి నియమం. 64 జీబీ ఉన్నదానిలో విండోస్ కూర్చుంటే మీ చదువుకు చోటు ఎక్కడ? కాలేజీ చదువుకు ఇది వద్దు.

బల్ల ఎంత ఉండాలి?

విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్ చాలునని మైక్రోసాఫ్టు చెబుతుంది. అది తెరుచుకోవడానికి చాలు, పని చేయడానికి చాలదు. ఒక సాధారణ సాయంత్రపు లెక్క వేద్దాం. ఇవి ఉజ్జాయింపు అంకెలు. ఒక్కొక్క ల్యాప్‌టాప్‌లో కొద్దిగా మారతాయి.

విండోస్, దానితో నడిచే చిన్నచిన్న ప్రోగ్రాములు: 3.5 జీబీ
బ్రౌజరులో పది పేజీలు: 2 జీబీ
ఆన్‌లైన్ క్లాసు: 1 జీబీ
తెర మీది బొమ్మల కోసం ర్యామ్ నుంచే పక్కకు తీసేది: 0.5 జీబీ
మొత్తం: 7 జీబీ

8 జీబీ ల్యాప్‌టాప్‌లో మిగిలింది 1 జీబీ. వర్డు, ఎక్సెల్, ట్యాలీ వాడే బీకాం విద్యార్థికి దీనితో గడుస్తుంది. అదే ఇంజనీరింగ్ విద్యార్థి అయితే? ఫోను యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోకే కనీసం 8 జీబీ, దానితో పాటు ఎమ్యులేటరు కూడా నడపాలంటే 16 జీబీ కావాలని గూగుల్ వారే చెబుతున్నారు. ఆటోక్యాడ్‌కు కనీస అవసరం 8 జీబీ. అంటే 8 జీబీ ల్యాప్‌టాప్ మొదటి రోజే అంచు మీద నిలబడి ఉంటుంది. నాలుగో ఏడు ప్రాజెక్టు నాటికి ప్రోగ్రాములు ఇంకా బరువెక్కుతాయి కానీ తగ్గవు.

కాబట్టి నా సూచన ఇది:

బీకాం, బీఏ, బీబీఏ, బీఎస్సీలో లెక్కలు, భౌతికశాస్త్రం వంటివి: 8 జీబీతో మొదలుపెట్టవచ్చు, కానీ ఖాళీ స్లాటు ఉన్న ల్యాప్‌టాప్ చూసుకోండి.

బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్ సైన్స్, బీఈ, బీటెక్ ఏ శాఖ అయినా: 16 జీబీ. వీలుకాకపోతే 8 జీబీ కొని, 16కు పెంచగల అవకాశం ఉన్నదే కొనాలి.

ఆర్కిటెక్చర్, సినిమా ఎడిటింగ్, త్రీడీ డిజైన్: 16 జీబీ కనీసం, 32 దాకా పెంచగలిగేది చూడాలి.

బీరువా ఎంత ఉండాలి?

ఇక్కడ ఒక చిన్న లెక్క ఆశ్చర్యంగా ఉంటుంది. నేటి కంప్యూటర్లలో తెలుగు రాసే యూనికోడ్ పద్ధతిలో, సాధారణంగా ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ 3 బైట్ల చొప్పున పడుతుంది. ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు. ‘తిరుత్తణి’ అనే మాటలో త, గుడి, ర, కొమ్ము, త, పొల్లు, త, ణ, గుడి – మొత్తం తొమ్మిది గుర్తులు; 27 బైట్లు. పేజీకి 1,500 గుర్తులు వేసుకుంటే పేజీకి 4,500 బైట్లు. 500 పేజీల తెలుగు పుస్తకం పాఠం మొత్తం 22.5 లక్షల బైట్లు, అంటే రెండుంపావు ఎంబీ. ఫోనుతో తీసిన ఒక్క మంచి ఫోటో అంతకంటే ఎక్కువ ఉండవచ్చు!

అంటే చదువుకు సంబంధించిన రాత అంతా కలిసినా బీరువాలో ఒక మూలకు సరిపోతుంది. బీరువాను నింపేవి సినిమాలు, ఆటలు, పెళ్ళి వీడియోలు. ఫోనులో తీసే హెచ్‌డీ వీడియో నిమిషానికి 100 ఎంబీ వేసుకున్నా గంటకు 6 జీబీ. బీరువా పెద్దది కావాలనే కోరిక చదువు కోసమా, సినిమాల కోసమా అని ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ఇంకొక సంగతి. కొత్త ల్యాప్‌టాప్ తెరిచి చూడగానే 512 జీబీ అన్నచోట 476 అని కనబడుతుంది. అంగడివాడు మోసం చేశాడని కొందరు తగవుకు పోతారు. మోసం లేదు. తయారుచేసేవారు వెయ్యి చొప్పున లెక్క కడతారు. విండోస్ 1,024 చొప్పున లెక్క కడుతుంది. సరుకు అదే, కొలపాత్ర వేరు. ఇదే లెక్కన 256 జీబీ 238గా, 1 టీబీ 931గా కనబడతాయి.

ఇప్పుడు జమాఖర్చు చూద్దాం.

512 జీబీ ఎస్ఎస్‌డీ: చేతికి వచ్చేది 476. విండోస్, ఆఫీసు, అప్‌డేట్లు సుమారు 60. ఎస్ఎస్‌డీ బాగా పనిచేయాలంటే వందకు 15 వంతులైనా ఖాళీగా ఉంచడం మంచిది, అది 71. కోర్సు సాఫ్టువేరుకు 100. మిగిలేది 245 జీబీ.

256 జీబీ ఎస్ఎస్‌డీ: చేతికి వచ్చేది 238. విండోస్ తదితరాలు 60. ఖాళీ ఉంచవలసింది 36. కోర్సు సాఫ్టువేరు 100. మిగిలేది 42 జీబీ.

ఇంజనీరింగ్ విద్యార్థికి 512 హాయిగా సరిపోతుంది. బీకాం విద్యార్థికి కోర్సు సాఫ్టువేరు ఖర్చు 100 ఉండదు కాబట్టి 256తోనూ జరుగుతుంది. 1 టీబీ కోసం ర్యామ్ తగ్గించుకోవడం మాత్రం నష్టపు బేరం. బీరువా చాలకపోతే బయట ఇంకొక బీరువా పెట్టుకోవచ్చు. యూఎస్‌బీ హార్డు డిస్కు అదే కదా. బల్లను అలా బయట పెట్టుకోవడం కుదరదు.

అతికించిన ర్యామ్, స్లాటులో ర్యామ్

ఈ పాఠంలో ముఖ్యమైన భాగం ఇది. ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మూడు రకాలుగా ఉంటుంది.

మొదటిది, స్లాటులో గుచ్చిన ర్యామ్. తీసి పెద్దది వేయవచ్చు. ఖాళీ స్లాటు ఉంటే ఇంకొకటి చేర్చవచ్చు. రెండు స్లాటుల్లో రెండు సమానమైన ముక్కలుంటే ఒకే ముక్క కంటే పని కొంత వేగంగా కూడా జరుగుతుంది.

రెండవది, బోర్డుకే అతికించిన ర్యామ్. కొన్ననాడు ఎంత ఉందో చివరిదాకా అంతే. పల్చగా, తేలికగా ఉండే ల్యాప్‌టాప్‌లలో ఇది ఎక్కువ. కొటేషనులో ఎల్‌పీడీడీఆర్ అని ఉంటే సాధారణంగా అతికించినదే అనుకోండి. ఆపిల్ వారి 2020 తరువాతి ఎం వరుస మ్యాక్‌బుక్‌లలో కూడా కొన్న తరువాత ర్యామ్ పెంచే వీలు లేదు.

మూడవది, సగం అతికించి, సగం స్లాటులో. ఉదాహరణకు 8 జీబీ అతికించి, ఒక స్లాటు ఖాళీగా ఉంచుతారు. మధ్యతరగతి ఇంటికి ఇది మంచి ఏర్పాటు.

దీన్నిబట్టి నిర్ణయం సులువు. ర్యామ్ అతికించినదైతే నాలుగో ఏడు ఎంత కావాలో అంత ఇప్పుడే కొనాలి. స్లాటు ఖాళీగా ఉంటే ఇప్పటికి సరిపోయేంత కొని, మిగతాది తరువాత చూసుకోవచ్చు. ఎస్ఎస్‌డీ చాలా ల్యాప్‌టాప్‌లలో మార్చదగ్గదే; కొన్నిటిలో రెండో ఎస్ఎస్‌డీకి కూడా చోటు ఉంటుంది.

చేర్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 ముక్క పట్టదు. గాడి చోటే వేరు. వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్‌ను కంపెనీ సర్వీసు సెంటరును అడగకుండా విప్పించవద్దు.

ఎలా సరిచూసుకోవాలి?

అంగడిలో చూపడానికి పెట్టిన ల్యాప్‌టాప్ తెరిచే ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ – ఈ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ కింద మెమరీ నొక్కండి. ‘స్లాట్స్ యూజ్డ్’ అనే చోట 1 ఆఫ్ 2 అని ఉంటే సాధారణంగా ఒక స్లాటు ఖాళీ. ‘ఫార్మ్ ఫ్యాక్టర్’ దగ్గర సోడిమ్ అని ఉంటే గుచ్చిన ముక్క. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే అతికించిన చిప్పులు. అక్కడే డిస్క్ నొక్కితే ఎస్ఎస్‌డీయా, హార్డు డిస్కా కనబడుతుంది. ఇది రెండు నిమిషాల పని. దీనికి తోడు ఆ మోడలు పూర్తి నంబరు రాసుకుని, కంపెనీ వివరాల పత్రంలో గరిష్ఠ మెమరీ ఎంతో చూడండి. అంగడివాని మాట కంటే ఆ పత్రమే ఆధారం. ఒకే పేరుతో పది రకాల మోడళ్ళు ఉంటాయి. చివరి రెండు అక్షరాలు మారినా లోపలి సరుకు మారవచ్చు.

ధర, లోను

2025 చివరి నెలల నుంచి ప్రపంచమంతటా మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద డేటా కేంద్రాలకు చిప్పులు విపరీతంగా కావలసి రావడం దీనికి ముఖ్య కారణం. విద్యార్థులు విడిగా కొనుక్కునే క్రూషియల్ ర్యామ్, ఎస్ఎస్‌డీల అమ్మకం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి ‘ఇప్పుడు 8 కొని తరువాత చవకగా 8 చేరుద్దాం’ అనే పాత లెక్కను గుడ్డిగా నమ్మవద్దు. కొనే రోజునే రెండు ధరలు రాయించుకోండి: 16 జీబీ మోడలు ధర ఒకటి, 8 జీబీ మోడలు, విడిగా 8 జీబీ ముక్క, బిగించే కూలి కలిపి ఇంకొకటి. ఏది తక్కువైతే అది.

నేను బ్యాంకులో పనిచేసినవాణ్ని కాబట్టి లోను విషయం కూడా చెప్పాలి. విద్యా రుణం తీసుకుంటున్నవారు గమనించండి: భారతీయ బ్యాంకుల సంఘం వారి నమూనా విద్యా రుణ పథకంలో, కోర్సు పూర్తి చేయడానికి అవసరమైన కంప్యూటరు కొనుగోలు కూడా అంగీకరించదగ్గ ఖర్చే. రుణానికి దరఖాస్తు చేసేటప్పుడే కాలేజీ ఖర్చుల పట్టికతో పాటు ల్యాప్‌టాప్ కొటేషను జతపరచండి. కొన్న తరువాత బిల్లు పట్టుకుని పోతే మేనేజరుకు కష్టం, మీకూ కష్టం.

‘వడ్డీ లేని ఈఎంఐ’ అన్నచోట మొదట నగదు ధర అడగండి. సున్నా వడ్డీ అనేది లేనే లేదని, వడ్డీ భారం ఏదో ఒక రూపంలో కొనేవాడి మీదే పడుతుందని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తెలిపింది. నగదుకు ఇచ్చే తగ్గింపు, ప్రాసెసింగ్ ఫీజు కలిపి చూడండి. ఆ తేడాలో ర్యామ్ 8 నుంచి 16కు పెంచుకోవడానికి కొంత సొమ్ము దొరకవచ్చు.

వాడిన ల్యాప్‌టాప్ కొనేవారికి

చెన్నై రిచీ వీధికి పోయి వాడిన ల్యాప్‌టాప్ కొనుక్కునేవారూ ఉన్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ విండోస్ 10కు మైక్రోసాఫ్టు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ ల్యాప్‌టాప్ విండోస్ 11కు అర్హమైనదా అన్నదే మొదటి ప్రశ్న. ఇంటెల్ ప్రాసెసరు అయితే సాధారణంగా ఎనిమిదవ తరం లేక ఆ తరువాతిది కావాలి. అర్హమైనదైతే, ర్యామ్ స్లాటులు ఉన్నట్టయితే, హార్డు డిస్కు బదులు ఎస్ఎస్‌డీ వేయించి మంచి ల్యాప్‌టాప్‌గా వాడుకోవచ్చు. ఇంట్లో అక్కకో అన్నకో ప్రభుత్వం ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ ఉంటే దాన్ని పారేయవద్దు. ఎస్ఎస్‌డీ వేసి, తేలికపాటి లినక్స్‌తో చిన్నపిల్లలకు టైపింగు నేర్పడానికి వాడవచ్చు.

బీరువా ఎంత గట్టిదైనా నకలు ఉండాలి

చివరగా అన్నిటికంటే ముఖ్యమైనది. ఎస్ఎస్‌డీ పాడైతే ముందుగా హెచ్చరిక లేకుండానే పోవచ్చు. దానిలోని సమాచారం వెనక్కి రాబట్టడం చాలా కష్టం, ఖర్చు కూడా. బ్యాంకులో ఏ ముఖ్యమైన కాగితమూ ఒకే ప్రతిగా ఉంచరు. మీ ప్రాజెక్టు, నోట్సు కూడా మూడు చోట్ల ఉండాలి: ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి డిస్కులో లేక పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంటర్నెట్ నిల్వలో ఒకటి. గూగుల్ ఖాతాతో 15 జీబీ ఉచితంగా వస్తుంది; పైన లెక్క చూశారు కదా, నాలుగేళ్ళ రాతకు అది చాలినంత. మార్కుల పత్రాలు, ఆధార్ వంటివి 2015లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన డిజీలాకర్‌లో పెట్టుకోవచ్చు. ఆదివారం పది నిమిషాలు ఈ పనికి కేటాయించండి.

అంగడికి పోయే ముందు రాసుకుపోవలసినవి

1. నా కోర్సుకు ఏ సాఫ్టువేరు కావాలి? పై తరగతి విద్యార్థిని, లేక అధ్యాపకుణ్ని అడిగానా?
2. ర్యామ్ ఎంత? అతికించినదా, స్లాటులోదా? ఖాళీ స్లాటు ఉందా? గరిష్ఠం ఎంత?
3. ర్యామ్ డీడీఆర్4ఆ, డీడీఆర్5ఆ?
4. స్టోరేజీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీయేనా? మార్చవచ్చునా? రెండోదానికి చోటు ఉందా?
5. నగదు ధర ఎంత? 18 శాతం జీఎస్‌టీ కలిపిన బిల్లు ఇస్తారా? బిల్లు మీద మోడలు పూర్తి నంబరు, సీరియల్ నంబరు ఉంటాయా?
6. తరువాత ర్యామ్ చేర్పిస్తే వారంటీ నిలుస్తుందా?

ఈ ఆరు ప్రశ్నలకూ జవాబులు కాగితం మీద ఉంటే అప్పుడు డబ్బు తీయండి. రంగు, పలచదనం, మెరుపు చూసి కాదు. మన ట్రస్టుకు దరఖాస్తుతో కొటేషను పంపేవారు కూడా రెండవ, నాలుగవ ప్రశ్నలకు జవాబు దానిమీద రాయించి పంపితే పరిశీలించేవారికి సులువుగా ఉంటుంది. ఏది కొనాలో తేల్చుకోలేనివారు రెండు కొటేషన్లూ తెస్తే, పక్కన కూర్చుని లెక్క వేసి చూపడానికి నాకు అభ్యంతరం లేదు.

విద్యార్థులందరూ చక్కగా చదివి, తల్లిదండ్రుల కష్టానికి ఫలితం చూపాలని నా ఆశీస్సులు.